కొత్త ఏడాది తీర్మానాలు భోగి దాకా కూడా ఎందుకు నిలవవు?

డిసెంబరు ఆఖరి వారం వచ్చిందంటే ఫోన్లలో ఒకటే హడావిడి. ఈసారి బరువు తగ్గాలి, సిగరెట్ మానాలి, చేబదుళ్ళు తీర్చెయ్యాలి, పొద్దున్నే లేవాలి. ఎక్కడైనా ఇదే వరస. గోదావరి డెల్టాలో మాత్రం దీనికి ఇంకో చిక్కు ఉంది. జనవరి 1 వెళ్ళిన రెండు వారాలకే భోగి. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి పిల్లలు దిగుతారు, అరిసెల పాకం పొయ్యెక్కుతుంది, కోడిపందేల బరుల దగ్గర జనం పోగవుతారు. స్వీటు ముట్టను, దుబారా చెయ్యను అని ఒట్టేసుకున్నవాడికి ఏడాది మొత్తం వెతికినా ఇంతకంటే గడ్డు పక్షం దొరకదు.

దీని మీద రెండు వాదనలు వినిపిస్తుంటాయి. చెయ్యాలనుకున్నవాడికి తేదీతో పనేంటి, ఈ రోజే మొదలెట్టొచ్చు కదా అని ఒకటి. దేనికైనా మంచి రోజు చూసుకుని దిగితేనే కలిసొస్తుందని ఇంకొకటి. గత నలభై ఏళ్ళ పరిశోధనలు చూస్తే రెండింటిలోనూ కొంత నిజం కనబడుతుంది. ఏది ఎంతవరకు అన్నది తేల్చుకోవాలంటే ముందు మన క్యాలెండరు సంగతి చూడాలి.

మనకు ఏడాది ఎన్నిసార్లు మొదలవుతుంది

జనవరి 1న ఏడాది మొదలవడం రోమన్ల ఏర్పాటు. జూలియస్ సీజర్ సంస్కరించిన క్యాలెండరు క్రీ.పూ. 45లో ఆ రోజున అమల్లోకి వచ్చింది. మనకు దాన్ని అంటగట్టిన ఇంగ్లండులోనే 1752 దాకా చట్టం ప్రకారం కొత్త ఏడాది మార్చి 25న వచ్చేది. ఏప్రిల్ 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరం 1867లో ఇక్కడికి వచ్చింది. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి కాబట్టి ఇంగ్లీషు తేదీల్లో అటూ ఇటూ జరుగుతుంది. 2026లో పరాభవ నామ సంవత్సరం మార్చి 19న మొదలైంది. సంక్రాంతి సూర్యుడి లెక్క. జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక.

పంచాంగాలను పక్కనబెట్టి పనుల లెక్క చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. జనవరి 1న వరి రైతు దాళ్వా (రబీ) ఊడ్పుల్లో తలమునకలై ఉంటాడు. అప్పుడు ఆయనకు కొత్త మొదలు అనేదే లేదు, నడుస్తున్న పని మధ్యలో ఉన్నాడు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో ధవళేశ్వరం దగ్గర లాకులెత్తి నీళ్ళొదిలినప్పుడు సార్వా (ఖరీఫ్) మొదలు. సముద్రం మీద వేటకు వెళ్ళేవాళ్ళకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిషేధం, ఆ మర్నాడు పడవలు కదులుతాయి. బడులు తెరిచేదీ జూన్‌లోనే. కోనసీమ కొబ్బరి రైతు ఏడాది దింపుల లెక్కన, అంటే చెట్టెక్కి కాయలు దింపే వంతుల లెక్కన నడుస్తుంది. అందరి ఇళ్ళలోనూ గోడకు వేలాడేది ఒకటే క్యాలెండరైనా, చేతిలో డబ్బూ ఖాళీ సమయమూ వచ్చే రోజులు వేరు.

తేదీకి నిజంగా బలం ఉందా

కొంత ఉంది. 2014లో హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఒక పని చేశారు. గూగుల్‌లో 'డైట్' అని జనం ఎప్పుడు వెతుకుతున్నారు, విద్యార్థులు జిమ్‌కు ఎప్పుడు ఎక్కువగా వెళుతున్నారు అని రికార్డులు తీసి చూశారు. వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో అంకెలు పెరిగాయి. దానికి వాళ్ళిచ్చిన వివరణ తేలిగ్గా అర్థమయ్యేదే. పెద్ద తేదీ ఒకటి దాటగానే పాత వైఫల్యాలన్నీ పాత మనిషి ఖాతాలోకి వెళ్ళిపోతాయి. ఇప్పుడున్న నేను వేరు, కొత్తగా చేస్తాను అనిపిస్తుంది. కొత్త ఖాతా పుస్తకానికి పసుపు రాసి మొదటి పేజీలో శ్రీకారం చుట్టే వ్యాపారికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

అయితే ఊపు రావడం వేరు, ఊపు నిలవడం వేరు. జాన్ నార్‌క్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 200 మందిని రెండేళ్ళ పాటు కనిపెట్టి 1989లో ప్రచురించిన లెక్క ఇది: వారం తర్వాత తీర్మానం మీద ఉన్నవాళ్ళు 77 శాతం, నెలకు 55, ఆరు నెలలకు 40, రెండేళ్ళకు 19. ఇది చూసి నూటికి ఎనభై మంది ఓడిపోయారు అనొచ్చు. అదే ఆయన 2002లో ఇంకో పోలిక చూపించాడు. మారాలని ఉండి కూడా తీర్మానం చేసుకోనివాళ్ళలో ఆరు నెలలకు మారినవాళ్ళు 4 శాతం. తీర్మానం చేసుకున్నవాళ్ళలో 46 శాతం. వాళ్ళు ఫోన్‌లో చెప్పుకున్న మాటల మీద కట్టిన లెక్క కాబట్టి కొంత తగ్గించి చూడాలి. ఎంత తగ్గించినా తేడా చిన్నది కాదు. తీర్మానాలన్నీ దండగ అని ఎగతాళి చేసేవాళ్ళు ఈ రెండో లెక్కను వదిలేస్తారు.

దాయ్ 2018లో ఇంకో విషయం బయటపెట్టింది. అప్పటికే బాగా నడుస్తున్న పనికి కొత్త మొదలు నష్టం చేస్తుంది. అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళలో, సీజన్ మధ్యలో వేరే లీగ్‌కు మారి లెక్క సున్నా నుంచి మొదలైనప్పుడు, అప్పటిదాకా వెనకబడినవాళ్ళు మెరుగయ్యారు, బాగా ఆడుతున్నవాళ్ళు తగ్గారు. అక్టోబరు నుంచి చక్కగా చదువుకుంటున్న పిల్లాడి చేత జనవరి 1న కొత్త టైంటేబుల్ రాయించడం వల్ల మేలేమీ లేకపోవచ్చు.

తీర్మానం, లక్ష్యం, ప్రణాళిక

ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటంతోనే సగం గందరగోళం. 'ఆరోగ్యం చూసుకోవాలి' అన్నది తీర్మానం, ఒక కోరిక. 'ఉగాదికల్లా ఆగకుండా మూడు కిలోమీటర్లు నడవగలగాలి' అన్నది లక్ష్యం. చేరామో లేదో తేల్చి చెప్పొచ్చు. ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత, అడ్డొస్తే ఏంటి అన్నది ప్రణాళిక.

ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు చేసిన పనిలో తేలింది ఏమిటంటే, 'నీకు చేతనైనంత చెయ్యి' అన్నప్పటికంటే స్పష్టమైన, కాస్త కష్టమైన అంకె ముందు పెట్టినప్పుడు మనుషులు ఎక్కువ చేస్తారు. లక్ష్యం స్పష్టంగా, కొలవగలిగేలా, గడువుతో ఉండాలని మేనేజ్‌మెంట్ క్లాసుల్లో చెప్పే 'స్మార్ట్' సూత్రం 1981లో జార్జ్ డోరన్ ఆఫీసు మేనేజర్ల కోసం రాసిన చిన్న వ్యాసంలోది. అది ఇళ్ళలోకి తర్వాత పాకింది. అంకెకు ఎదురు వాదన కూడా గట్టిదే. చేస్తున్న పని కొత్తదైతే అంకె మీద పెట్టిన కన్ను నేర్చుకోవడం మీద నుంచి తప్పుతుందని లేథమ్ తర్వాతి పరిశోధనలే చెప్పాయి. కొత్తగా గ్రూప్స్‌కు దిగిన అమ్మాయి 'రోజుకు 12 గంటలు' అని గోడ మీద రాసుకుంటే, గంటలు నిండుతాయి గాని చదవడం ఎలాగో తెలియదు. మొదటి రెండు నెలలు 'పాలిటీలో ఏ ప్రశ్నలు తప్పుతున్నాను, ఎందుకు' అన్నది లక్ష్యంగా పెట్టుకుంటే ఆ అమ్మాయికి ఎక్కువ ఉపయోగం.

ప్రణాళిక దగ్గర పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన చిట్కా చూడటానికి చాలా చిన్నది: 'ఫలానాది జరిగితే, ఫలానాది చేస్తాను' అని ముందే కట్టుకోవడం. 2006లో ఆయనా పాస్కల్ షీరనూ కలిసి 94 పరీక్షల ఫలితాలు కూర్చి చూస్తే ఇది బాగానే పనిచేసిందని తేలింది. మన నడక ఉదాహరణకే వద్దాం. 'రోజూ పొద్దున నడుస్తాను' అంటే రోజూ పొద్దున ఒక నిర్ణయం తీసుకోవాలి. 'పాల కేంద్రంలో పాలు పోసి రాగానే ఇంట్లోకి వెళ్ళకుండా కాలువ గట్టు మీద లాకుల దాకా వెళ్ళొస్తాను. వాన పడి గట్టు జారుడుగా ఉంటే తారు రోడ్డు మీద గుడి దాకా' అంటే నిర్ణయం ఒక్కసారి అయిపోయింది. ఆ తర్వాత పాల క్యానే గుర్తు చేస్తుంది.

మాల ఉన్నప్పుడు నిలిచింది, తీసేశాక ఎందుకు జారింది

డెల్టా ఊళ్ళలో తీర్మానాల గురించి తెలుసుకోవాలంటే ఏ పుస్తకం కంటే కూడా అయ్యప్ప మాల మంచి పాఠం. రోజూ సాయంత్రం క్వార్టరు లేనిదే ఇంటికి రాని మనిషి, పెట్టె సిగరెట్లు కాల్చే మనిషి, కార్తీకంలో మాల వేసుకుంటాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. తెల్లారకుండా చన్నీళ్ళ స్నానం, చెప్పుల్లేని నడక, నేల మీద పడక. మనిషికి పట్టుదల లేదు అనడానికి వీల్లేదు, కళ్ళ ముందు కనబడుతోంది. అదే మనిషి శబరిమల నుంచి వచ్చి మాల తీసిన వారానికి మళ్ళీ అదే షాపు ముందు ఉంటాడు.

అప్పుడేం మారింది? మాల ఉన్నన్నాళ్ళూ చుట్టూ ఉన్నదంతా ఆయన్ని కాపాడింది. ఒంటి మీద నల్ల బట్టలు, మెడలో మాల చూసి ఎవరూ 'రావోయ్' అని పిలవరు. భార్య, పిల్లలు, కిళ్ళీకొట్టతను కూడా 'స్వామీ' అంటారు. సాయంత్రం ఏడింటికి షాపు దగ్గర ఉండాల్సిన మనిషి పీఠం దగ్గర భజనలో ఉంటాడు. తాగాలనిపించే వేళ ఖాళీగా లేదు, అందులో ఇంకోటి కూర్చుంది. మాల తీశాక సాయంత్రం ఏడింటి వేళ మళ్ళీ ఖాళీ అయింది, పాత పిలుపులు మొదలయ్యాయి. ఇక మిగిలింది ఒంటరి పట్టుదల ఒక్కటే.

దీక్షకూ అలవాటు మార్పుకూ ముడిపెట్టకూడదు, అది భక్తి అనేవాళ్ళున్నారు. ఆ మాట సబబే. దీక్షకు గడువు ఉండటం దాని నియమం, లోపం కాదు. గడువు ఉందనే ధైర్యంతోనే చాలామంది దిగగలుగుతారు కూడా. నేను చెప్పేదల్లా, మాల తీసే రోజుకు ముందే ఆ ఏడింటి వేళను ఏం చెయ్యాలో తేల్చుకున్నవాళ్ళకు కొంత పట్టు దొరుకుతుందని. ఇంకో మాట. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి పూర్తిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ దాకా రావచ్చు, ప్రాణానికే ముప్పు కావచ్చు. అది పట్టుదల వ్యవహారం కాదు, డాక్టరు చూడాల్సిన వ్యవహారం.

21 రోజులు, 3 శాతం: ఎక్కడివీ అంకెలు

ఏ అలవాటైనా 21 రోజుల్లో వచ్చేస్తుందన్న మాట 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం నుంచి వచ్చింది. కొత్త ముఖానికి అలవాటు పడటానికి తన దగ్గరికి వచ్చేవాళ్ళకు కనీసం 21 రోజులు పట్టేదని ఆయన గమనించాడు. 'కనీసం' అన్నది దారిలో ఎక్కడో రాలిపోయింది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి ఆన్‌లైన్‌లో 2009లో ప్రచురించిన లెక్కలో మధ్యరకంగా 66 రోజులు పట్టింది. అది కూడా మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. గ్లాసు నీళ్ళు తాగడం తొందరగా అలవాటైంది, వ్యాయామం ఆలస్యంగా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టమేమీ జరగలేదని కూడా అందులోనే ఉంది.

మోటివేషన్ వీడియోల్లో వినబడే ఇంకోటి: 1953లో యేల్ యూనివర్సిటీలో లక్ష్యాలు కాగితం మీద రాసుకున్న 3 శాతం విద్యార్థులు, ఇరవై ఏళ్ళ తర్వాత మిగతా 97 శాతం కలిపి సంపాదించిన దానికంటే ఎక్కువ సంపాదించారట. అలాంటి అధ్యయనమే జరగలేదు. యేల్ వాళ్ళే వెతికి చూసి లేదని తేల్చారు.

నెల జీతం లేనివాడి లెక్క

లక్ష్యాల పుస్తకాలన్నీ నెల లెక్కన నడుస్తాయి. రాసేవాళ్ళకు నెల జీతం ఉంటుంది కాబట్టి. అంబాజీపేట దగ్గర రెండెకరాల కొబ్బరి తోట ఉన్న రైతును తీసుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. 120 చెట్లు, రెండు నెలలకో దింపు, ఏడాదికి 9 వేల కాయలు. వెయ్యి కాయలకు ధర 12 వేలు, అందులో దింపు, వలుపు, మోత కూలి 3 వేలు పోతే 9 వేలు మిగులు. ఏడాదికి 81 వేలు.

ఆయన జనవరి 1న 'నెలకు 2 వేలు దాస్తాను' అనుకున్నాడు. ఏడాదికి 24 వేలు. వినడానికి బాగానే ఉంది. వేసవి దింపులో 2,200 కాయలు దిగితే చేతికి 19,800 వస్తుంది, రెండు నెలల వాటా 4 వేలు తియ్యడం తేలిక. చలికాలం దింపులో 900 కాయలే దిగితే వచ్చేది 8,100. అందులో 4 వేలు తియ్యాలంటే సగం పోయినట్టే, ఆ నెల తీర్మానం తప్పిపోతుంది. అదే 'దింపు డబ్బు చేతికి రాగానే 30 శాతం పక్కన' అనుకుంటే వేసవిలో 5,940, చలికాలంలో 2,430. ఏడాది మొత్తానికి 24,300. గమ్యం ఇంచుమించు ఒకటే. రెండోది పంటతో పాటు పెరుగుతుంది, పంటతో పాటు తగ్గుతుంది. లోపం ఏమిటంటే, కాపు బాగా పడిపోయిన ఏడాది పొదుపూ పడిపోతుంది. పిల్ల కాలేజీ ఫీజులాంటి కచ్చితమైన అవసరం ఉంటే శాతం లెక్క ఒక్కటే చాలదు.

భీమవరం వైపు రొయ్యల చెరువులకు వెళ్తే ఇంకో తేడా కనబడుతుంది. 'ఈ పంటకు ఇంత మిగలాలి' అన్న లక్ష్యం అక్కడి రైతు చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతం చేసినప్పుడు ఏ రైతు పట్టుదలా ధరను నిలబెట్టలేదు. పరీక్ష చేయించిన సీడే (రొయ్య పిల్లలే) వెయ్యడం, చెరువుకు పట్టేదానికంటే ఎక్కువ వదలకపోవడం, మేత ఎంత మిగిలిందో చూపించే చెక్‌ట్రే చూడకుండా మేత పెంచకపోవడం ఆయన చేతిలో ఉన్నవి. ఫలితాన్ని లక్ష్యంగా పెట్టుకుంటే ఉత్సాహం వస్తుంది, పనిని లక్ష్యంగా పెట్టుకుంటే నిలకడ వస్తుంది అని స్థూలంగా అంటారు. ధర ఊగిసలాడే వ్యాపారంలో రెండోదాని వైపే మొగ్గు.

ఇక ఇల్లు కట్టడం. 'స్లాబు పడింది కదా, మాఘంలో గృహప్రవేశం' అన్న మాట వినని ఊరు లేదు. మాఘం దాటి వైశాఖం, మధ్యలో మూఢం వస్తే శ్రావణం. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీని గురించి రాశారు: పని ఎన్నాళ్ళు పడుతుందన్న అంచనాలో మనిషి ఎప్పుడూ తక్కువే చెబుతాడు. 1994లో కెనడాలో డిగ్రీ విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్ళలో రాస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది 55. ఏదీ కలిసిరాకపోతే ఎన్నాళ్ళు అని అడిగినప్పుడు చెప్పింది కూడా 49 లోపే. విరుగుడు ఒకటే: మన ఇంటి ప్లాను వదిలేసి, ఇదే మేస్త్రీ ఇంతకు ముందు కట్టిన మూడు ఇళ్ళు ఎన్నాళ్ళు పట్టాయో కనుక్కోవడం.

డెల్టా సేద్యంలో గడువు నుంచి వెనక్కి లెక్కగట్టే పద్ధతి ముందే ఉంది. స్వర్ణ వరికి 145 నుంచి 150 రోజులు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఊడ్చేసిన సంగతి పెద్దవాళ్ళు మర్చిపోలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తుపానుల ముందే కోతలు అయిపోవాలంటే ఆకుమడి (నారుమడి) జూన్ మొదట్లో పడాలి. అందుకే కాలువకు నీళ్ళు జూన్ 1నే వదలమనడం.

నలుగురికీ చెప్పాలా, మనసులో ఉంచుకోవాలా

ఇక్కడ పరిశోధనలు ఒకదానికొకటి ఎదురు తిరుగుతున్నట్టు కనబడతాయి. 2009లో గోల్‌విట్జర్ బృందం లా విద్యార్థుల మీద చేసిన పరీక్షలో, 'మంచి లాయర్నవుతాను' అన్న ఉద్దేశాన్ని ఇతరులు గుర్తించినప్పుడు వాళ్ళు పని తగ్గించారు. చెప్పడంతోనే సగం అయిపోయినట్టు అనిపిస్తుందన్నమాట. 2016లో 138 అధ్యయనాలను కూర్చిన ఇంకో విశ్లేషణ మాత్రం, ఎంతవరకు వచ్చామో రాసుకుని నలుగురి ముందు పెట్టినప్పుడు ఫలితం బాగుందని చెప్పింది. నిజానికి గొడవేమీ లేదు. మొదటిది ఉద్దేశం ప్రకటించడం, రెండోది లెక్క అప్పజెప్పడం. డ్వాక్రా సంఘంలో ఎవరూ పెద్ద మాటలు చెప్పరు. నెలకోసారి కూర్చుని ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అని పుస్తకంలో రాస్తారు, అంతే. చీటీలో తేదీ దాటితే పెద్ద మనిషి ఇంటికొస్తాడు. వాట్సాప్ స్టేటస్‌కు ఆ భయం లేదు.

తప్పిన రోజు ఏం చెయ్యాలి

డైట్‌లో ఉన్నవాళ్ళు ఒక స్వీటు తినేసరికి 'ఎలాగూ పోయిందిగా' అని ఇంకో నాలుగు తినడం గురించి జానెట్ పోలివీ, పీటర్ హర్మన్ చాలా రాశారు. నష్టం మొదటి అరిసెతో కాదు, దాని తర్వాత వాటితో. దీనికి మరీసా షరీఫ్, సుజాన్ షూ 2017లో చూపించిన దారి ఆసక్తికరం. గట్టి లక్ష్యమే పెట్టుకుని, అందులో రెండు రోజులు 'అత్యవసర సెలవు' అని ముందే కేటాయించుకున్నవాళ్ళు, సెలవు లేని గట్టి లక్ష్యం వాళ్ళకంటే, మొదటి నుంచీ తేలిక లక్ష్యం పెట్టుకున్నవాళ్ళకంటే కూడా ఎక్కువగా నిలిచారు. మన దగ్గర ఆ సెలవు రోజులు ఎవరైనా చెప్పగలరు: భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ. అయిదో రోజు ఎన్నింటికి మళ్ళీ మొదలో కూడా జనవరి 1నే రాసుకోవాలి.

ఈ లెక్కలు ఎవరి మీద చేసినవి

పైన చెప్పిన పరీక్షల్లో ఎక్కువ భాగం అమెరికా, యూరప్ విద్యార్థుల మీద, ఉద్యోగుల మీద చేసినవి. వాళ్ళ లక్ష్యం తప్పితే చాలావరకు వాళ్ళ అలవాటే కారణం. డెల్టాలో సాగు చేసేవాళ్ళలో కౌలురైతులు చాలామంది. ఎకరానికి ఇన్ని బస్తాలు అని మక్తా ముందే మాట్లాడుకుంటారు, చేను మునిగినా సాధారణంగా ఆ మాట మారదు. అలాంటివాడి తీర్మానం తప్పితే నిలకడ లేదనడం అన్యాయం. ఆయన ప్లాను చేసుకోగలిగింది కొన్ని తేదీలను మాత్రమే: ఏ చేలో ఏ పంటో ప్రభుత్వ లెక్కలో ఎక్కించే ఈ-క్రాప్ నమోదు, బీమా గడువు, సాగుదారు హక్కు పత్రం. 2019 చట్టం ప్రకారం ఇచ్చే ఆ పత్రానికి చెల్లుబాటు 11 నెలలే కాబట్టి ఏటా మళ్ళీ తీసుకోవాలి. పంట రుణానికీ, నష్టపరిహారానికీ ఆధారం అదే. దాని మీద భూయజమాని సంతకం ఉండాలి, ఆ సంతకానికి చాలామంది ఆసాములు ఒప్పుకోరు. జూన్‌లో నీళ్ళొదిలేలోపు ఆయన పెట్టుకోవాల్సిన మొదటి పని ఆసామి గుమ్మం ఎక్కడం.